ఆకాశ పక్షులను తేరిపార చూసిన వైద్యుడు

మార్చి నెల వచ్చేసరికి మన తిరుపతి ప్రాంతంలో రెండు ప్రయాణాలు ఒకేసారి సాగుతుంటాయి. సంఘాలు శ్రమకాల దినాల్లో గెత్సేమనే తోట గుండా, గొల్గొతా కొండ మీదుగా ఈస్టర్ ఉదయం వైపు నడుస్తుంటాయి. సరిగ్గా అదే రోజుల్లో సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు మీద మరో ప్రయాణం మొదలవుతుంది. శీతకాలమంతా మన నీళ్ళలో మేత మేసిన సూదితోక బాతులు, ఉల్లంకి పిట్టలు గుంపులు కట్టి ఉత్తర దిక్కుకు లేచిపోతుంటాయి. వాటిలో కొన్ని హిమాలయాలు దాటి మధ్య ఆసియా మైదానాలకు, సైబీరియా చిత్తడి నేలలకు చేరి అక్కడ గుడ్లు పెడతాయి. వాటికి దారి చూపే బోర్డులు లేవు, బయలుదేరమని గంట కొట్టేవారు లేరు. అయినా వాటి కాలం వాటికి తెలుసు.

బైబిలు చదివేవారికి ఇది కొత్త సంగతి కాదు. సంకుబుడి కొంగ, తెల్ల గువ్వ, మంగలకత్తి పిట్ట, ఓదెకొరుకు తమ కాలాన్ని ఎరిగి వచ్చి పోతుంటే, దేవుని ప్రజలు మాత్రం ఆయన న్యాయవిధిని ఎరగకుండా ఉన్నారని యిర్మీయా ప్రవక్త కన్నీటితో వాపోయాడు. పరమగీతంలో చలికాలం గడిచిపోయిందని చెప్పడానికి గుర్తుగా వినిపించేది పావురపు స్వరమే. ఐగుప్తు విడిచిన ఇశ్రాయేలీయుల పాళెం మీద పూరేళ్ళు వచ్చి వాలినది కూడా వసంతకాలంలోనే. ఆఫ్రికాలో చలికాలం గడిపిన పూరేళ్ళు ఆ ఋతువులో సీనాయి మీదుగా ఉత్తరానికి ఎగిరిపోతాయని, అలసిపోయి నేలకు దగ్గరగా వాలతాయని నేటి శాస్త్రవేత్తలూ చెబుతారు. దేవుడు తన ప్రజలకు ఆహారం పంపడానికి తన పక్షుల దారినే వాడుకున్నాడు.

ఈ వారం మేము చెప్పదలచుకున్నది ఆ పక్షుల వెనుక తిరిగిన ఒక మనిషి జీవితం. ఆయన మిషనరీ కాదు, బోధకుడు కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడు. పేరు థామస్ కావర్‌హిల్ జెర్డాన్. భారతదేశంలో పక్షులను అధ్యయనం చేసేవారికి ఆ పేరు తెలియకపోవడం అరుదు. మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన ఆయన పేరు మన సంఘాల్లో మాత్రం ఎన్నడూ వినిపించదు. ఆకాశ పక్షులను చూడమని ప్రభువు కొండమీద చెప్పిన మాటను మనం చింతల గురించిన ప్రసంగంలో గబగబా దాటేస్తాం. ఆ మాటను అక్షరాలా పాటించడమంటే ఎలా ఉంటుందో ఈ వైద్యుని జీవితం కొంత చూపిస్తుంది.

జెర్డాన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండ్ ఉత్తర భాగంలోని డర్హాం ప్రాంతంలో పుట్టారు. తండ్రి కుటుంబం స్కాట్లండ్ సరిహద్దులోని జెడ్‌బరో దగ్గరిది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్య విద్యార్థిగా చేరి, ఆ తరువాత వైద్యవిద్య వైపు మళ్ళారు. అక్కడే రాబర్ట్ జేమ్సన్ అనే ఆచార్యుని దగ్గర ప్రకృతి శాస్త్రం విన్నారు. అంతకు కొద్ది సంవత్సరాల ముందే చార్లెస్ డార్విన్ కూడా అదే విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడానికి వచ్చి, మధ్యలో మానుకుని వెళ్ళాడు. జెర్డాన్ మాత్రం చదువు ముగించి 1835లో కంపెనీలో అసిస్టెంట్ సర్జన్‌గా నియామకం పొందారు. 1836 ఫిబ్రవరిలో మద్రాసు రేవులో దిగేనాటికి ఆయన వయసు 24 సంవత్సరాలు.

మొదటి కొలువు గంజాం ప్రాంతంలో. జ్వరాలతో, రక్త విరేచనాలతో సైనికులు పడిపోతున్న చోటు అది. మరుసటి ఏడాది ఆయనను తిరుచినాపల్లిలోని అశ్వికదళానికి మార్చారు. ఆ దళంతోపాటు దక్కనులోని జాల్నాకు వెళ్ళి కొన్నేళ్ళు ఉన్నారు. రైలు లేని కాలం అది. పటాలం ఒక ఊరి నుంచి మరో ఊరికి వారాల తరబడి నడిచేది. ఆ నడకలో మిగతా దొరలకు దుమ్ము, ఎండ, విసుగు మాత్రమే దొరికాయి. జెర్డాన్‌కు ప్రతి మజిలీలో ఓ కొత్త పిట్ట దొరికింది. రోగులను చూడడం ముగించగానే ఆయన చెరువు గట్టుకో, పొదల్లోకో వెళ్ళేవారు.

ఆయన తొలి శ్రమ ఎలా ముగిసిందో ప్రతి సేవకుడూ తెలుసుకోవాలి. ఏరి కూర్చి పోగుచేసిన పక్షుల చర్మాలను పెట్టెల్లో సర్ది, పేర్లు నిర్ధారించమని స్కాట్లండ్‌లోని సర్ విలియం జార్డిన్ అనే పండితునికి ఓడలో పంపారు. పెట్టెలు చేరేసరికి లోపలున్నవాటిని చిమ్మెటలు తినేశాయి. చిమ్మెటయు తుప్పును తినివేసే చోట ధనం కూర్చుకోవద్దన్న ప్రభువు హెచ్చరిక మనకు తెలుసు. జెర్డాన్ విషయంలో అది అక్షరాలా జరిగింది. మరొకరైతే అక్కడితో మానేసేవారు. ఆయన మానలేదు. దూరాన ఉన్న పండితుల మీద ఆధారపడడం తగ్గించి, తాను కళ్ళారా చూసినదానిని, తన రాతపుస్తకాన్ని నమ్ముకున్నారు. 1839, 1840 సంవత్సరాల్లో మద్రాసు సాహిత్య శాస్త్ర పత్రికలో దక్షిణ భారతదేశపు పక్షుల జాబితాను ప్రచురించారు. అందులో సుమారు 420 రకాలున్నాయి. అంతకుముందు కర్నల్ సైక్స్ ఇచ్చిన జాబితాకు అది దాదాపు రెట్టింపు.

1841లో ఆయనకు ఫ్లోరా మక్లౌడ్‌తో వివాహమైంది. ఆమెకు మొక్కలంటే, ముఖ్యంగా పూలంటే ఆసక్తి. వాటి బొమ్మలు గీయగలిగిన నేర్పరి. భర్త పక్షుల వెంట, భార్య పూల వెంట నడిచిన ఆ ఇంట్లో ఆకాశ పక్షులు, అడవి పువ్వులు రెండూ ఉన్నాయి. కొండమీద ప్రసంగంలో ప్రభువు చూపిన రెండు పాఠాలూ అవే. రాబర్ట్ వైట్ అనే ప్రసిద్ధ వృక్ష శాస్త్రవేత్త ఒక మొక్కల ప్రజాతికి జెర్డోనియా అని పేరు పెట్టి ఈ స్నేహితుని గౌరవించాడు.

1843 నుంచి 1847 వరకు జెర్డాన్ 50 రంగుల చిత్రాలతో భారతీయ పక్షుల చిత్రమాలను భాగాలుగా వెలువరించారు. ఆ బొమ్మలను ఎక్కువగా గీసినది మన దేశపు చిత్రకారులే. సన్నని కుంచెతో ఒక్కొక్క ఈకనూ దిద్దిన ఆ చేతులను నేడు పుస్తకం తెరిచినవారు మెచ్చుకుంటారు. అట్ట మీద మాత్రం ఒక్క దొర పేరే కనిపిస్తుంది. ఈ సంగతి దగ్గరకు మళ్ళీ వస్తాం.

1840ల మధ్యలో జెర్డాన్ నెల్లూరు జిల్లా సివిల్ సర్జన్ అయ్యారు. మన పాఠకులకు ఆ కాలం మరో విధంగా పరిచయమే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరి, ఫలితం కనిపించని రోజుల్లో తెలుగువారి మధ్య విత్తనం చల్లుతున్న సంవత్సరాలవి. ఒకే ఊరిలో ఒకరు మనుషుల ఆత్మల కోసం, మరొకరు మనుషుల శరీరాల కోసం, తీరిక దొరికితే పక్షుల కోసం తిరిగారు. ఇద్దరి పనీ అప్పట్లో లోకానికి చిన్నదిగానే కనిపించింది.

నెల్లూరు నుంచి పడమటికి చూస్తే వెలికొండలు, వాటికి ఆవల కడప అడవులు, దక్షిణాన శేషాచలం కొండలు. ఆ తూర్పు కనుమల్లోనే జెర్డాన్‌కు రెండు అపురూపమైన పక్షులు దొరికాయి. ఒకటి పసుపు గొంతు పికిలి పిట్ట. దానిని 1845లో ఆయనే మొదటిసారి శాస్త్ర లోకానికి వర్ణించారు. బండరాళ్ళ మధ్య పొదల్లో బతికే ఆ పిట్ట లోకమంతటిలో దక్షిణ భారతదేశపు కొండల్లో తప్ప మరెక్కడా లేదు. మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండల మీద, శేషాచలం అడవుల్లో ఈనాటికీ కనిపిస్తుంది. మన చిత్తూరు, తిరుపతి వాసులు ఆ కొండలకు విహారానికి వెళ్ళి, పక్క పొదలోనే పాడుతున్న దానిని చూడకుండానే తిరిగివస్తుంటారు.

రెండవది పొదల నీడలో, నేల మీద, రాత్రివేళ తిరిగే సన్నకాళ్ళ పక్షి. రొమ్ము మీద రెండు తెల్లని పట్టీలు హారాల్లా ఉంటాయి. జెర్డాన్ సంపాదించిన నమూనాను పరిశీలించి కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానికి శాస్త్రీయ నామం ఇచ్చాడు. లోకం దానిని జెర్డాన్ కోర్సర్ అంటుంది. మన రాయలసీమ పల్లెల వారు కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి అంటారు.

జెర్డాన్ పనిలో మనకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆయన తన పుస్తకాల్లో ప్రతి పక్షికి లాటిన్ పేరు రాసి ఊరుకోలేదు. దొరికినంతవరకు హిందీ, తమిళం, తెలుగు పేర్లు కూడా చేర్చారు. పాలపిట్టను తెలుగువారు అలా పిలవడానికి కారణం అడిగి తెలుసుకున్నారు. పాలు తక్కువైన ఆవుకు దాని ఈకలు తరిగి గడ్డిలో కలిపి పెడితే పాలు పెరుగుతాయని పల్లెల్లో ఉన్న నమ్మకాన్ని కూడా రాసిపెట్టారు. కలివికోడికి అడవ ఉతతిత్తి అనే తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నమోదు చేశారు. ఒక వైద్యుడు ఈ పేర్లు ఏ గ్రంథాలయంలో సంపాదిస్తాడు? వేటగాళ్ళ పక్కన కూర్చుని, వారు చెప్పేది ఓపికగా విని సంపాదించాలి. ఏదెను తోటలో దేవుడు ఆకాశ పక్షులను ఆదాము దగ్గరకు తెచ్చి, వాటికి ఏ పేరు పెడతాడో చూశాడని ఆదికాండం చెబుతుంది. నరునికి అప్పగించిన తొలి పనుల్లో ఒకటి పేరు పెట్టడం. పేరు పెట్టాలంటే ముందు దగ్గరగా చూడాలి, ఒకదానికీ మరొకదానికీ తేడా తెలియాలి.

పక్షులతోనే ఆయన ఆగలేదు. దక్షిణ భారతదేశపు మంచినీటి చేపల గురించి రాశారు. 1851లో ఇక్కడి చీమల మీద ఒక జాబితా ప్రచురించారు. పట్టుకోబోతే ఎగిరి దూకే పెద్దకళ్ళ చీమను తొలిసారి వర్ణించినది ఆయనే. సోమరులను చీమల దగ్గరకు పోయి నేర్చుకోమన్న సొలొమోను సలహాను ఇంత శ్రద్ధగా పాటించినవారు తక్కువే.

నెల్లూరు తరువాత ఆయనను మలబారు తీరంలోని తలశ్శేరికి, ఆ తరువాత మధ్య భారతంలోని సాగర్‌కు మార్చారు. 20 ఏళ్ళకు పైగా దేశం నలుమూలలా తిరిగాక ఆయనకు ఒక లోటు స్పష్టంగా తెలిసింది. భారతదేశపు పక్షుల గురించి రాసినవన్నీ ఎక్కడెక్కడో పత్రికల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఖరీదైన గ్రంథాలు లండన్, కలకత్తా గ్రంథాలయాల్లో ఉన్నాయి. అడవి మధ్య డేరాలో ఉండే ఉద్యోగికి, ఊరూరా తిరిగే యాత్రికునికి చేతపట్టుకుని చూసుకునేందుకు పుస్తకమే లేదు. ఆ లోటు తీర్చడానికి గవర్నర్ జనరల్ కానింగ్ ప్రభువు ఆయనకు ప్రత్యేక అవకాశం ఇచ్చారు. 1862 నుంచి 1864 వరకు కలకత్తాలో భారతదేశపు పక్షులు అనే గ్రంథం వెలువడింది. వెయ్యికి పైగా జాతులు అందులో చోటుచేసుకున్నాయి. 1867లో క్షీరదాల మీద మరో గ్రంథం వచ్చింది. 1871లో వచ్చిన తన ప్రసిద్ధ గ్రంథంలో డార్విన్ జెర్డాన్ పరిశీలనలను పలుచోట్ల ఆధారంగా తీసుకున్నాడు. తరువాతి కాలంలో కాంగ్రెస్ సంస్థ స్థాపనలో ముందు నిలిచిన ఎ.ఓ. హ్యూమ్ కూడా గొప్ప పక్షి శాస్త్రవేత్త. ఆయన తరం వారంతా ఈ పుస్తకం చేతపట్టుకునే అడవుల్లోకి వెళ్ళారు.

1868లో జెర్డాన్ ఉద్యోగ విరమణ చేశారు. అప్పటికీ విశ్రాంతి కోరుకోలేదు. అస్సాం అడవులకు వెళ్ళి అక్కడ తీవ్రమైన జ్వరం పాలయ్యారు. 1870లో ఇంగ్లండ్ తిరిగి వెళ్ళిన ఆయన 1872 జూన్ 12న లండన్ శివారులోని అప్పర్ నార్‌వుడ్‌లో, 60 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆయన కథ అక్కడ ముగిసినా, ఆయన పేరు మోస్తున్న పక్షి కథ ముగియలేదు. గోదావరి లోయలో బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు కలివికోడి కనిపించింది. 1900లో అనంతపురం దగ్గర మరొకరు చూశారు. ఆయన ఎవరో కాదు, లండన్ మిషనరీ సొసైటీకి చెందిన పాదిరి హోవర్డ్ క్యాంప్‌బెల్. రాయలసీమలో నేటి సి.ఎస్.ఐ. సంఘాల పునాదులు వేసిన మిషన్ అది. తెలుగులో సువార్త చెబుతూ పల్లెలు తిరిగిన ఆ దైవసేవకునికి దారి పక్క పొదలో ఏముందో చూసే కళ్ళు కూడా ఉన్నాయి. ఆయన తరువాత 86 ఏళ్ళపాటు ఆ పక్షిని ఏ శాస్త్రవేత్తా చూడలేదు. ఎందరో వెతికారు. చివరికి లోకం నుంచి అంతరించిపోయిన వాటి జాబితాలో చేర్చేయడానికి సిద్ధపడ్డారు.

అయితే అది అంతరించలేదు. వెతికినవారు పగలు వెతికారు, అది రాత్రి తిరిగింది. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ పల్లెల్లో దాని బొమ్మ చూపుతూ, వేటగాళ్ళను అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవి అంచున ఒక స్థానిక వేటగాడు టార్చిలైటు వెలుగులో దానిని పట్టి తెచ్చాడు. 86 ఏళ్ళు పండితులకు దొరకనిది ఆ పల్లె మనిషికి తెలిసిన పిట్టే. సంతోషం మాత్రం ఎక్కువ రోజులు నిలవలేదు. పట్టిన పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. దొరికినదానిని ఎలా కాపాడాలో మనకు తెలియలేదు. తరువాత 1988లో ఆ అడవిని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు.

2000 తరువాతి సంవత్సరాల్లో పరిశోధకులు పొదల మధ్య మెత్తని మన్ను పరచి, తెల్లవారాక దాని మీద పడిన అడుగుజాడలు చూసి కలివికోడి సంచారాన్ని గుర్తించారు. అదే సమయంలో పెద్ద చిక్కు వచ్చింది. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పక్షి నివాసాన్ని తాకింది. రాయలసీమలో నీళ్ళ విలువ చెప్పనక్కరలేదు. ఎండిన బావి పక్క కూర్చున్న రైతుకు పిట్ట గురించి చెప్పడం తేలిక కాదు. ఆ రైతు దాహమూ నిజమే, ఆ పక్షి నివాసమూ నిజమే. చివరికి కాలువ దారిని మార్చారు, పక్షి కోసం అదనంగా భూమి సేకరించారు. కాలువ కొంత వంగింది, నీళ్ళు ఆగలేదు. అరచేతిలో పట్టే పక్షి కోసం ఒక కాలువ పక్కకు తప్పుకోవడం మన నేల మీద జరిగింది. ఆ తరువాత మళ్ళీ చాలా ఏళ్ళు దాని జాడ లేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో కొందరు పక్షి ప్రేమికులు రాత్రివేళ దాని పిలుపు విని రికార్డు చేశారు. పోయిందనుకున్నది రెండోసారి దొరికింది.

ఈ జీవితం నుంచి మనం ఏమి నేర్చుకోవాలి? జెర్డాన్‌ను భక్తుల వరుసలో నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఆయన పాలించే కంపెనీ మనిషి. నేటి బైనాక్యులర్లు, కెమెరాలు లేని ఆ కాలంలో పక్షిని తెలుసుకోవడమంటే తుపాకితో కొట్టి చేతిలోకి తీసుకోవడమే. తల్లిపక్షినీ పిల్లలనూ కలిపి పట్టవద్దని ద్వితీయోపదేశకాండంలో దేవుడు విధించిన హద్దును గుర్తుచేసుకుంటే ఆ కాలపు వేట మనకు కష్టంగానే తోస్తుంది. దారి చూపిన వేటగాళ్ళ పేర్లు, బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు చరిత్రకెక్కలేదు. మన సంఘ చరిత్రల్లోనూ ఇదే జరిగింది కదా! మిషనరీ పేరు రాతిపలక మీద ఉంటుంది. ఆయనకు భాష నేర్పిన మున్షీ, ఎండలో కూడా నడిచిన బైబిలు స్త్రీ, బండి తోలిన మనిషి ఎవరి జ్ఞాపకంలోనూ ఉండరు. అయితే దేవుని జ్ఞాపకగ్రంథం మన పుస్తకాల అట్టల్లాంటిది కాదు.

మొదటి పాఠం, చూపు. పక్షులను చూడమని ప్రభువు చెప్పినప్పుడు మత్తయి వాడిన గ్రీకు మాటకు తేరిపార చూడడమని అర్థం. కాకుల గురించి చెప్పిన చోట లూకా వాడిన మాటకు శ్రద్ధగా గమనించి ఆలోచించడమని అర్థం. చింతపడేవాడు దేనినీ నిజంగా చూడలేడు. అతని కళ్ళ ముందు రేపటి అప్పు, పిల్లల ఫీజు, ఆసుపత్రి బిల్లు మాత్రమే ఉంటాయి. ఒక్క అరగంట పక్షిని చూడడమంటే తన చింతను అరగంట పక్కన పెట్టడమే. విత్తకుండా, కోయకుండా బతికే దానిని పోషించేవాడెవరో అప్పుడు గుర్తుకు వస్తుంది.

రెండవది, పట్టుదల. చిమ్మెటలు తిన్న పెట్టెల కబురు విన్న రోజున జెర్డాన్ మానుకుని ఉంటే మన పక్షుల పేర్లు ఇంకెన్నేళ్ళకు పుస్తకానికెక్కేవో! ఏళ్ళ తరబడి చేసిన సేవ ఒక్క రోజులో పాడైపోయిందని కుమిలిపోతున్న సేవకులు మన మధ్య ఉన్నారు. పోయినది పెట్టెలో ఉన్నది మాత్రమే. కళ్ళారా చూసినది, ప్రభువు దగ్గర నేర్చుకున్నది ఏ చిమ్మెటా తినలేదు. దానితో మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

మూడవది, మరుపు లేని దేవుడు. యేసు ప్రభువు కాలంలో పిచ్చుకలను సంతలో కాసుకు రెండు చొప్పున అమ్మేవారు. రెండు కాసులు ఇస్తే నాలుగు కాదు, ఐదు వచ్చేవి. ఆ ఐదవది బేరంలో కొసరుగా వేసింది. దానికి ధరే లేదు. అలాంటి దానిని కూడా దేవుడు మరువడని ప్రభువు చెప్పాడు. 86 ఏళ్ళు మనుషులు కలివికోడిని చూడలేదు. ఆ 86 ఏళ్ళలో ఒక్క రాత్రి కూడా అది దేవుని చూపు దాటి పోలేదు. మనుషుల జాబితాల్లోంచి కొట్టివేయబడినవారు, పింఛను పట్టికలో పేరు లేని విధవరాలు, ఎవరూ పలకరించని వృద్ధులు, దూర దేశంలో పని చేస్తూ ఇంటికి కబురు పంపలేని కొడుకు, వీరంతా ఆయన లెక్కలో ఉన్నారు. వారిని వెతికి పట్టుకోవలసిన పని మాత్రం మనది. పగలు వెతికితే దొరకనివారిని రాత్రి వెతకాలి. దారి తెలిసిన చిన్నవారిని అడగడానికి సిగ్గుపడకూడదు.

పాఠకులకు ఒక్క మనవి. ఈ శ్రమకాలంలో ఒక శనివారం ఉదయం సండేస్కూలు పిల్లలను, యౌవనస్థులను వెంటబెట్టుకుని పక్షులను చూడడానికి వెళ్ళండి. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, దొరవారిసత్రం మనకు దగ్గరయ్యాయి. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు అక్టోబరు నుంచి గూళ్ళు కట్టి, మార్చి నాటికి ఎదిగిన పిల్లలతో ఉంటాయి. తన ఒంటరితనాన్ని చెప్పుకోవడానికి కీర్తనకారుడు పోల్చుకున్న పక్షి అదే. ఆ పక్షులు వస్తే తమ ఊరికి మేలని, వాటి రెట్టలు కలిసిన చెరువునీరు పొలాలకు బలమని నేలపట్టు రైతులు తరతరాలుగా వాటిని కాపాడుకున్నారు. 1976లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించకముందే ఆ పల్లె ఆ పని చేసింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే దారిలో పులికాట్ నీళ్ళలో రాజహంసలని మనం పిలుచుకునే ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడతాయి. 1865లో హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనరీ మైలియస్ సువార్త పని మొదలుపెట్టిన ప్రాంతం కూడా అదే. పిల్లలకు రెండు సంగతులూ కలిపి చెప్పవచ్చు.

అంత దూరం వెళ్ళలేని చిత్తూరు, పలమనేరు, పుంగనూరు సంఘాల వారికి ఊరి చెరువు చాలు. సూర్యోదయానికి ముందే చేరండి. మైకులు, పాటల పెట్టెలు తీసుకువెళ్ళవద్దు, ఆ ఉదయం పాడే హక్కు పక్షులదే. గూళ్ళ దగ్గరకు వెళ్ళవద్దు, ప్లాస్టిక్ సంచి ఒక్కటైనా వదిలి రావద్దు. ఒక నోటుపుస్తకంలో తేదీ, చోటు, పక్షి పేరు, ఎన్ని కనిపించాయో రాయించండి. పేరు తెలియకపోతే చెరువు గట్టున గొర్రెలు కాసే పెద్దాయనను అడగండి. జెర్డాన్ కూడా అలాగే నేర్చుకున్నారు. ఆ పెద్దాయన పేరు కూడా ఆ పుస్తకంలో రాయండి. ఆయన రాయనిది మనం రాద్దాం.

ఏప్రిల్ నాటికి ఆ వలస పక్షులు వెళ్ళిపోతాయి. చెరువు బోసిపోతుంది, ఎండలు మండుతాయి. అవి మళ్ళీ వస్తాయా అని ఎవరూ బెంగపడరు. వానలు వెనకబట్టి చలిగాలి మొదలయ్యేసరికి వాటి కాలం వాటికి తెలుస్తుంది. ఈస్టర్ ఉదయం సమాధి దగ్గర ఏడుస్తూ నిలబడిన స్త్రీలకు కూడా అంతా పోయినట్టే తోచింది. వెళ్ళినవాడు తిరిగి వచ్చాడు, మరల వస్తానని మాట కూడా ఇచ్చాడు. పక్షులు తమ కాలం ఎరిగినట్లు మనమూ మన కాలాన్ని ఎరిగి, ఆయన రాకకు కనిపెట్టుకుని ఉందుముగాక! ఆమెన్.